పెళ్ళయ్యేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నా వయసు 46. గుంటూరు జిల్లాలో ఒక పల్లె మాది. రెండు నెలల కిందట తలంటు పోసుకుంటూ ఉంటే ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, శనగగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఈమధ్య కొంచెం పెద్దదయిందేమోనని అనుమానం. మా అత్తగారికి ఒక్కరికే చెప్పాను. "ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన రొమ్ము, ఎప్పటి పాలో గడ్డకట్టి ఉంటాయి, పసుపు పట్టు వెయ్యి" అన్నారు. మావారికి చెప్పలేదు. ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్ళి. నిశ్చితార్థం అయిపోయింది. ఇప్పుడు క్యాన్సర్ అనే మాట మా ఇంట్లో వినపడితే మగపెళ్ళివారు ఏమనుకుంటారోనని భయం. మా తోడికోడలు ఈ జబ్బుతోనే పోయింది. ఏడాది పాటు పసరు కట్లు కట్టించుకుని, పుండు పడ్డాక ఆసుపత్రికి వెళితే సూది గుచ్చి ముక్క తీశారు. ఆరు నెలలకే పోయింది. సూది గుచ్చబట్టే పాకిందని మా వాళ్ళందరూ అంటారు. మా మేనత్తకు కూడా ఇదే వచ్చింది గాని, ఆమె నాన్నగారి వైపు మనిషి కనుక నాకు సంబంధం లేదనుకుంటున్నాను. పెళ్ళయ్యాక చూపించుకుంటే సరిపోతుందా? మమోగ్రామ్ ఒక్కటి తీయించుకుంటే చాలా? ఇది మా అమ్మాయికి కూడా వస్తుందా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆగవద్దు. మీరు గడ్డను గమనించి అప్పుడే రెండు నెలలయింది. పెళ్ళి ఫిబ్రవరిలో అయినా, అప్పగింతలు, వ్రతం, పదహారు రోజుల పండుగ, అమ్మాయిని కాపురానికి పంపడం ఇవన్నీ తీరేసరికి ఏప్రిల్ వస్తుంది. ఆ తరువాతైనా ఎండలు తగ్గాక చూద్దాంలే అనిపిస్తుంది. అలా కాకుండా ఈ వారంలోనే ఒక రోజు చూసుకుని సర్జన్‌కు చూపించుకోండి.

మీది క్యాన్సరే అని నేను అనడం లేదు. రొమ్ములో గడ్డ తగిలిందని వచ్చే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి అది క్యాన్సర్ కాదు. కొందరికి నీటితిత్తి ఉంటుంది. కొందరికి ఫైబ్రోఎడినోమా అనే గడ్డ ఉంటుంది, అది వేలి కింద నుంచి చేపపిల్లలా జారిపోతుంది. కొందరికి నెలసరి ముందు గ్రంథులు గట్టిపడి, నెలసరి అయ్యాక మెత్తబడతాయి. అయితే వయసు పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది. ఇరవై ఏళ్ళ అమ్మాయి వచ్చి గడ్డ ఉందంటే మాకు అంత కంగారు ఉండదు. నలభై ఆరేళ్ళ వయసులో కొత్తగా వచ్చి, ఒక నెలసరి దాటినా తగ్గకుండా, గట్టిగా, చంక వైపు పైభాగంలో ఉన్న గడ్డను మాత్రం, క్యాన్సర్ కాదని పరీక్షలో తేలేదాకా అనుమానంతోనే చూస్తాం. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగం ఆ పై బయటి భాగంలోనే మొదలవుతాయి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది "నొప్పి లేదు" అన్న మాట. ధైర్యం కోసం రాశారని తెలుసు. కాని మన ఆడవాళ్ళను ఇన్నేళ్ళుగా మోసం చేస్తున్నది ఈ నొప్పి లేకపోవడమే. పన్ను నొప్పి పుడితే మర్నాడే డాక్టరు దగ్గరికి వెళతాం. కాలిలో ముల్లు దిగితే ఆ పూటే తీయించుకుంటాం. రొమ్ములో మొదలైన క్యాన్సర్ మాత్రం చాలామందికి నెలల తరబడి ఏ బాధా పెట్టదు. అన్నం తినబుద్ధవుతుంది, పని చేసుకోగలుగుతారు, మనిషి నిగనిగలాడుతూనే ఉంటుంది. నొప్పి, పుండు, వాసన కనపడేసరికి జబ్బు చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. నొప్పి ఉన్న గడ్డలన్నీ మంచివని కూడా కాదు, వాటినీ చూపించుకోవాలి. నొప్పి లేదన్న ఒక్క కారణంతో మాత్రం ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు.

పెళ్ళి మాట చదవగానే నాకు ఒక శుభలేఖ గుర్తుకొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులవి. మా ఆసుపత్రికి తరచూ వచ్చే ఒకావిడ కొడుకు పెళ్ళికి పిలవడానికి వచ్చింది. నాలుగు మూలలా పసుపు అంటించిన శుభలేఖ చేతిలో పెట్టి, బొట్టు పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి ఆగి వెనక్కి తిరిగింది. "అమ్మా, ఇక్కడ చిన్న కాయలా ఉంది, నొప్పేమీ లేదులెండి" అని పైటను కొంచెం నొక్కి చూపించింది. బయట ఓపీలో జనం నిండిపోయి ఉన్నారు. "పెళ్ళి హడావుడి తీరాక రండి, చూద్దాం" అన్నాను. ఆమె ఎనిమిది నెలల తరువాత వచ్చింది. అప్పటికి చంకలో బిళ్ళలు కట్టాయి, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడింది. ఆమె మనవడిని ఎత్తుకుంది గాని వాడు బడికి వెళ్ళేదాకా లేదు. ఆ రోజు అయిదు నిమిషాలు ఆమెను లోపల కూర్చోబెట్టి చూసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కాని చూడలేదు. అప్పటి నుంచి గుమ్మం దగ్గర ఆగి చెప్పే మాటనే నేను ముందు వింటున్నాను. మీ ఉత్తరాన్ని మిగతావాటికంటే ముందు తీసుకున్నది కూడా అందుకే.

ఆలస్యం వల్ల ఎంత నష్టమో మన దేశపు లెక్కలే చెబుతాయి. 2012 నుంచి 2015 దాకా రొమ్ము క్యాన్సర్ బయటపడిన స్త్రీలను మన దేశంలోని 11 క్యాన్సర్ రిజిస్ట్రీలు, అంటే క్యాన్సర్ వచ్చినవారి వివరాలు నమోదు చేసే కేంద్రాలు, వెంబడించి చూశాయి. జబ్బు రొమ్ము దాటకముందే దొరికినవారిలో నూటికి 81 మంది అయిదేళ్ళ తరువాత కూడా బతికి ఉన్నారు. చంక బిళ్ళల దాకా వెళ్ళాక దొరికినవారిలో సుమారు 65 మంది. ఎముకలకో కాలేయానికో పాకిన తరువాత దొరికితే 18 మందే. వీళ్ళందరికీ ఉన్నది ఒకే జబ్బు. తేడా అంతా అది ఎప్పుడు దొరికిందన్న దాంట్లోనే వచ్చింది.

అలాగని ఈ రాత్రికి రాత్రే ఏదో అయిపోతుందని భయపడకండి. ఒక సెంటీమీటరు గడ్డ తయారవడానికి సాధారణంగా కొన్నేళ్ళు పడుతుంది. ఆ పరిమాణానికి వచ్చేసరికి అందులో వంద కోట్ల కణాల దాకా ఉంటాయి. కాబట్టి మంచి డాక్టరును వెతుక్కోవడానికి, ఒక వారం పరీక్షలకు తిరగడానికి, రెండో డాక్టరును అడగడానికి మీకు వ్యవధి ఉంది. మూడు నెలలు, ఆరు నెలలు వాయిదా వేయడానికి మాత్రం లేదు. గడ్డ కనిపించాక మూడు నెలలకు మించి ఆలస్యం చేసినవారు, త్వరగా వచ్చినవారి కంటే తక్కువ కాలం బతికారని ఎన్నో దేశాల పరిశీలనల్లో తేలింది. మీకు ఇప్పటికే రెండు నెలలు గడిచాయి.

ఇక మీ అత్తగారి మాట. పాలివ్వడం మంచిదే. 30 దేశాల అధ్యయనాలను కలిపి 2002లో లెక్క చూస్తే, తల్లి పాలిచ్చిన ప్రతి ఏడాదికీ రొమ్ము క్యాన్సర్ ముప్పు నాలుగు శాతం చొప్పున తగ్గినట్లు తేలింది. అంటే ముప్పు తగ్గుతుందే తప్ప పోదు. బిడ్డ పాలు మానిన ఇన్నేళ్ళ తరువాత ఆ పాలు గడ్డకట్టి గట్టి కాయలా తయారవడం జరగదు. పసుపు పట్టుతో గడ్డ కరగదు. ఘాటైన పసర్లు వేస్తే చర్మం కాలి పుండవుతుంది. ఆ పుండు మానేదాకా ఆపరేషన్ చేయడం కూడా కష్టమవుతుంది. అత్తగారిని తప్పుపట్టకండి, ఆమెకు తెలిసిన వైద్యం చెప్పింది. ఆమె గురించి నాకు ఇంకో మాట ఉంది, చివర చెబుతాను.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలియకపోవడమే సగం భయం. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ముందు డాక్టరు చేతితో చూస్తారు. ఆడ డాక్టరు కావాలని అడగండి, అది మీ హక్కు. మగ డాక్టరయితే పక్కన నర్సు తప్పక ఉండాలి. కూర్చోబెట్టి రెండు రొమ్ములూ పక్కపక్కన చూస్తారు, చేతులు పైకి ఎత్తమంటారు, నడుము మీద పెట్టి నొక్కమంటారు. అలా నొక్కినప్పుడు గడ్డ మీది చర్మం లోపలికి లాగినట్టు సొట్ట పడుతుందా, చనుమొన పక్కకు తిరుగుతుందా అని చూస్తారు. తరువాత పడుకోబెట్టి వేళ్ళ మెత్తటి భాగంతో తడుముతారు. గడ్డ గట్టిదనం ఎలా తెలుస్తుందని వైద్య విద్యార్థులు అడిగితే మేము మూడు చోట్ల వేలు పెట్టి చూసుకోమంటాం. పెదవి మీద పెడితే మెత్తగా ఉంటుంది. ముక్కు కొన మీద పెడితే కొంచెం గట్టిగా ఉండి అణుగుతుంది. నుదుటి మీద పెడితే అసలు అణగదు. మామూలు రొమ్ము పెదవిలా, ఫైబ్రోఎడినోమా ముక్కు కొనలా, క్యాన్సర్ గడ్డ చాలాసార్లు నుదురులా తగులుతుంది. ఇది మీకు అర్థం కావడానికి చెబుతున్నాను గాని, ఇంట్లో తడుముకుని తీర్పు చెప్పుకోవడానికి కాదు. మెత్తటి క్యాన్సర్లూ ఉంటాయి. ఎంత అనుభవమున్న వేళ్ళయినా పొరబడతాయి. అందుకే పరీక్ష అక్కడితో ఆగదు.

తరువాతిది మమోగ్రామ్, దాంతోపాటు అల్ట్రాసౌండ్ స్కానింగ్. మమోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య అదిమి, ఒక్కోదాన్ని రెండు కోణాల్లో తీస్తారు. అదిమినప్పుడు బాధగా ఉంటుంది, అబద్ధం చెప్పను. ఒక్కో ఫోటోకు కొన్ని క్షణాలే కనుక ఓర్చుకోవచ్చు. అందులోని రేడియేషన్ చాలా తక్కువ. ఊరికే భూమి మీద తిరుగుతూ ఉంటే రెండు నెలల్లోపు మన ఒంటికి తగిలేటంత. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు వేసుకోకండి. పౌడరు రేణువులు ఫోటోలో తెల్లటి చుక్కల్లా పడి లేనిపోని అనుమానం తెస్తాయి. చీరతోనే వెళ్ళండి, నడుము పైభాగం మాత్రం తీస్తే సరిపోతుంది.

మమోగ్రామ్ ఒక్కటి చాలా అని అడిగారు. చాలదు. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి. చేతికి గడ్డ తగులుతున్నప్పుడు మమోగ్రామ్ మామూలుగా ఉందని వచ్చినా ఇంటికి వచ్చేయకూడదు. మమోగ్రామ్‌లో కనపడని క్యాన్సర్లు నూటికి పదికి పైగానే ఉంటాయి. రొమ్ములో గ్రంథులు దట్టంగా ఉన్నవారిలో మరీ ఎక్కువ. రిపోర్టులో బైరాడ్స్ అనే పేరు పక్కన ఒక అంకె వేస్తారు. 4 గాని, 5 గాని ఉంటే ముక్క పరీక్ష, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, తప్పదు. అంకె తక్కువ వచ్చినా డాక్టరు చేతికి అనుమానంగా తగిలితే ముక్క తీయవలసిందే. చేతి పరీక్ష, ఫోటో, ముక్క ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడే మేము నమ్ముతాం.

ఇప్పుడు సూది సంగతి. తోడికోడలు విషయంలో మీ వాళ్ళు అంటున్న మాట ప్రతి ఊళ్ళోనూ వింటాను. ఎవరి దుఃఖం వారిది, నిందించడానికి ఏదో ఒకటి కావాలి. కాని మీరు రాసిన వరుసనే మళ్ళీ ఒకసారి చదవండి. ఏడాది పాటు పసరు కట్లు, తరువాత పుండు, ఆ తరువాత సూది. పుండు పడేసరికే జబ్బు చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ఒంట్లో ఇతర చోట్లకూ అప్పటికే చేరి ఉండవచ్చు. సూది ఆ సంగతిని బయటపెట్టింది, అంతే. ఆమె పోగొట్టుకున్నది ఆ ఏడాదినే తల్లీ. ప్రపంచమంతటా కోట్ల మందికి ఈ పరీక్ష చేశారు. సూది గుచ్చడం వల్ల రొమ్ము క్యాన్సర్ ఒళ్ళంతా పాకి మనిషి ఆయుష్షు తగ్గుతుందన్నది నిజం కాదు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, గడ్డ మీద చర్మానికి మత్తు సూది ఇస్తారు. పన్ను తీసేముందు ఇచ్చినట్టే చురుక్కుమంటుంది. తరువాత చిన్న గాటు పెట్టి, స్కానింగ్‌లో చూస్తూ సూది పెడతారు. కాగితాలకు పిన్ను కొట్టే యంత్రం చప్పుడు లాంటిది టప్‌మని వినిపిస్తుంది. ముందే చెప్పకపోతే ఆ చప్పుడుకే ఉలిక్కిపడతారు, అందుకే చెబుతున్నాను. అగ్గిపుల్లలో ముక్కంత సన్నటి పోగు వస్తుంది. అలాంటివి నాలుగైదు తీసి సీసాలో వేస్తారు. కుట్లు ఉండవు. పట్టీ వేసి కాసేపు నొక్కిపెట్టి పంపిస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటారు, రెండు రోజులు అక్కడ కమిలినట్టు నల్లగా ఉంటుంది. జవాబు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. క్యాన్సర్ అని తేలితే ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్, హర్‌-2 అనే పరీక్షలు కూడా చేస్తారు. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి అవే.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన దగ్గర మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. దగ్గరలోని చిన్న నర్సింగ్‌హోమ్‌లో "గడ్డే కదా, తీసిపారేద్దాం" అని పరీక్షలేమీ లేకుండా మత్తిచ్చి కోసేస్తారు. తీసిన ముక్కను ప్రయోగశాలకు కూడా పంపరు. తరువాత అది క్యాన్సర్ అని తెలిస్తే, గడ్డ ఎంత ఉండేదో, ఎక్కడి దాకా ఉండేదో, పూర్తిగా వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వస్తుంది. అందుకని ముందు సూదితో ముక్క పరీక్ష కావాలని మీరే అడగండి. కత్తి ఆ తరువాత. ఎవరు ఏ గడ్డ తీసినా అది పరీక్షకు వెళ్ళి తీరాలి, ఆ రిపోర్టు కాగితం మీ చేతికి రావాలి.

మగపెళ్ళివారి గురించి మీరు పడుతున్న భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్ల తల్లికి అది చిన్న భయం కాదు. నా సలహా ఇది. పరీక్ష చేయించుకుంటున్నట్టు వియ్యాలవారికి ఇప్పుడు చెప్పనవసరం లేదు. అది మీ ఒంటికి సంబంధించిన విషయం, ఇంకా ఏమీ తేలలేదు కూడా. మీవారికి మాత్రం ఈ రాత్రే చెప్పండి. ఆసుపత్రికి మీతో ఒక మనిషి ఉండాలి. డాక్టరు చెప్పింది రెండో చెవి కూడా వినాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట చెప్పడానికి సిగ్గు అడ్డొస్తే "స్నానం చేస్తుంటే ఇక్కడ గడ్డ తగిలింది, డాక్టరుకు చూపించుకోవాలి, మీరు రండి" అనండి. అంతకంటే పెద్ద మాటలు అక్కరలేదు.

క్యాన్సర్ కాదని తేలిందా, మీరు నిశ్చింతగా పెళ్ళి పనుల్లో పడతారు. ఒకవేళ అవునని తేలితే పెళ్ళి తేదీ డాక్టరుకు చెప్పండి. ముహూర్తం చూసి వైద్యం ఏర్పాటు చేయడం మాకు కొత్త కాదు. ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకు చాలామంది ఇంటి పనుల్లో తిరుగుతూ ఉంటారు. కీమో ఇవ్వవలసి వస్తే సాధారణంగా మూడు వారాలకొకసారి ఇస్తారు. పెళ్ళి రోజు రెండు మోతాదుల మధ్య కాస్త ఓపికగా ఉండే వారంలో పడేలా చూడవచ్చు. మొదటి మోతాదు అయిన రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుందని ముందే చెబుతున్నాను. చికిత్స అయ్యాక తిరిగి వస్తుంది. చిన్న గడ్డగా ఉన్నప్పుడు వచ్చినవారికి రొమ్ము మొత్తం తీయవలసిన పని చాలాసార్లు ఉండదు. గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని తీసి, మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. అలా చేసినవారినీ, మొత్తం తీసినవారినీ ఇటలీలోను, అమెరికాలోను 20 ఏళ్ళు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఆయుష్షులో తేడా లేదు. ఆరు నెలలు ఆగి వస్తే ఈ వెసులుబాటు చేజారిపోవచ్చు.

మేనత్త నాన్నవైపు మనిషి కనుక సంబంధం లేదన్నారు. ఇది చాలా పెద్ద పొరపాటు, డాక్టర్లు కూడా కొందరు తల్లివైపే అడిగి ఊరుకుంటారు. వంశంలో ఈ జబ్బును మోసే బీఆర్‌సీఏ వంటి జన్యులోపం తండ్రి నుంచి కూడా అంతే సమానంగా కూతురికి వస్తుంది. మీ నాన్నగారి చెల్లెలు మీకు రక్తసంబంధీకురాలు. మీ తోడికోడలు ఎంత దగ్గరి మనిషయినా ఆమెది వేరే రక్తం, ఈ లెక్కలోకి రాదు. మేనత్తకు ఏ వయసులో వచ్చింది, రెండు రొమ్ములకూ వచ్చిందా, ఆ వైపు ఎవరికైనా అండాశయ క్యాన్సర్ వచ్చిందా అని కనుక్కుని వెళ్ళండి. డాక్టరు తప్పక అడగవలసిన ప్రశ్నలవి, అడగకపోతే మీరే చెప్పండి.

అయినా వంశపారంపర్యంగా వచ్చేవి మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి అయిదు నుంచి పది మాత్రమే. జబ్బు వచ్చిన స్త్రీలలో చాలామంది ఇళ్ళలో అంతకుముందు ఎవరికీ వచ్చి ఉండదు. "మా వంశంలో లేదు" అన్న ధైర్యం కూడా అందుకే పనికిరాదు. మీ అమ్మాయి విషయం ఇప్పుడే తేల్చనక్కరలేదు. మీ పరీక్ష ముందు కానివ్వండి. మీకు జబ్బు ఉందని తేలి, డాక్టరు జన్యు పరీక్ష అవసరమంటే ముందు మీకే చేస్తారు. మీలో లోపం లేదంటే మీ వైపు నుంచి అమ్మాయికి వెళ్ళే ప్రసక్తే ఉండదు. ఉంటే ఆమెకు వచ్చే అవకాశం సగానికి సగం, మీ అబ్బాయికి కూడా అంతే. ఈ జబ్బు మగవాళ్ళకూ వస్తుంది, నూటికి ఒకరి లోపు.

అమ్మాయికి ఇప్పుడు మీరు నేర్పవలసింది ఒకటే, తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోవడం. నెలనెలా తేదీ పెట్టుకుని క్రతువులా తడుముకోమని నేను ఎవరికీ చెప్పను. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మంది స్త్రీలతో పెద్ద పరిశోధన చేశారు. స్వయంగా పరీక్షించుకోవడం నేర్పినవారిలోనూ, నేర్పనివారిలోనూ మరణాలు ఒకేలా ఉన్నాయని 2002లో తేలింది. నేర్చుకున్నవారికి అనవసరపు ముక్క పరీక్షలు మాత్రం ఎక్కువయ్యాయి. అందుకని భయంతో వెతుక్కోవద్దు, పరిచయం పెంచుకుంటే చాలు. నెలసరి మొదలైన వారం, పది రోజులకు రొమ్ము మెత్తగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎప్పుడైనా స్నానం చేసేటప్పుడు, సబ్బు చేతితో మూడు వేళ్ళ మెత్తటి భాగాన్ని ఆనించి మెడ ఎముక కింద నుంచి రొమ్ము కింది మడత దాకా, రొమ్ముల మధ్య ఎముక నుంచి చంకలోపలి దాకా ఒకసారి నిమిరి చూసుకోవాలి. చంకను మర్చిపోతారు, చాలామంది. అద్దం ముందు చేతులెత్తి చూసుకోవాలి. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, బత్తాయి తొక్కలా అయినా, ఎప్పుడూ బయటికి ఉండే చనుమొన లోపలికి పోయినా, ఒక చనుమొన నుంచి నెత్తురు గాని నీరు గాని దానంతటదే వచ్చినా, చనుమొన మీద మానని పొక్కు ఉన్నా, ఒక రొమ్ము ఉన్నట్టుండి ఎర్రబడి బరువెక్కినా డాక్టరు దగ్గరికి రావాలి. మీకు స్నానంలోనే తగిలింది చూడండి. మీ చేయి తన పని తాను చేసింది.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఆమెకు అరవై దాటి ఉంటాయి కదా. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళను మన ఇళ్ళలో ఇక ఏ పరీక్షకూ తీసుకువెళ్ళరు. బీపీ, షుగర్ చూపిస్తారు, మోకాళ్ళ నొప్పులకు మందు తెస్తారు, రొమ్ము ఊసు ఎవరూ ఎత్తరు. ఈ జబ్బు ముప్పు మాత్రం వయసుతోపాటే పెరుగుతుంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. బీదవాడల్లో ఉండే 35 నుంచి 64 ఏళ్ళ స్త్రీలు లక్షన్నర మందికి పైగా అందులో ఉన్నారు. వారిలో సగంమందికి, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి రొమ్మును చేతితో పరీక్షించారు. ఇరవై ఏళ్ళు గడిచాక చూస్తే, యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైలోపు వారిలో ఆ మేలు కనపడలేదు. యంత్రం లేకుండా, చేతులతో సాధించిన ఫలితమిది. నన్ను అడిగితే మన పల్లెలకు దీనికంటే తగిన మార్గం ఇంకొకటి లేదు.

మన ప్రభుత్వ కార్యక్రమంలో ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ అయిదేళ్ళకొకసారి ఈ చేతి పరీక్ష ఉచితంగా చేయాలని ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఏఎన్‌ఎం ఎప్పుడు చేస్తారో చెబుతుంది. అత్తగారిని, మీ తోడికోడలి పిల్లల్లో ముప్పై దాటిన ఆడపిల్లలుంటే వాళ్ళనూ తీసుకువెళ్ళండి. అత్తగారికి ఒకసారి మమోగ్రామ్ కూడా చేయించగలిగితే మంచిది. మీకు మాత్రం ఏఎన్‌ఎం పరీక్ష చాలదు, మీకు ఇప్పటికే గడ్డ తగిలింది. మీరు నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి.

ఎక్కడికంటారా? మీకు దగ్గర గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. ముందు సర్జరీ ఓపీలో చూపించుకోండి. అక్కడే నాట్కో క్యాన్సర్ కేంద్రం కూడా ఉంది. వేరే జిల్లాల వాళ్ళు కూడా ఇది చదువుతారు కనుక చెబుతున్నాను, విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. రేషను కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ వస్తాయి. పెళ్ళికి దాచిన డబ్బు దీనికి తీయాలేమోనన్న బెంగ కూడా మీ మనసులో ఎక్కడో ఉండి ఉంటుంది. మీరు రాయలేదు గాని ఉంటుంది. ఆసుపత్రిలో ఆ పథకం బల్ల దగ్గర ఉండే సహాయకులను ముందే కలిసి అడగండి.

ఒక గుడ్డసంచి పెట్టుకుని ప్రతి కాగితం, ప్రతి ఫిల్మూ అందులోనే వేయండి. ముక్క పరీక్ష రిపోర్టుకు రెండు జిరాక్సులు తీయించండి. పొద్దున్నే తిని వెళ్ళండి, ఈ పరీక్షలకు పరగడుపున ఉండాల్సిన పని లేదు. రక్తం పలచబడే మందులు ఏవైనా వాడుతుంటే సూది పెట్టకముందే చెప్పండి. బల్ల మీద పడుకున్నాక గడ్డ ఒక్కోసారి చేతికి అందదు. కనుక బయలుదేరే ముందు స్నానాల గదిలో, మీకు తగిలిన చోట బాల్‌పెన్నుతో చిన్న సున్నా చుట్టుకుని వెళ్ళండి.